డాక్టరమ్మ జవాబులు: జ్వరం ఎన్నో రోజు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా రొంప, దగ్గు, జ్వరాల గురించే. చలికాలం కదా, ఆశ్చర్యం లేదు. చిక్కల్లా ఏమిటంటే, మీరు ఉత్తరం రాసి, అది పత్రిక ఆఫీసుకి చేరి, నా జవాబు అచ్చయ్యేలోపు మీ జలుబు తగ్గిపోయి, ఇంట్లో ఇంకో ముగ్గురికి అంటుకుని వాళ్లకీ తగ్గిపోయి ఉంటుంది. అందుకని రాబోయే జలుబుకి పనికొచ్చేలా రాస్తున్నాను.

కాకినాడలో నా క్లినిక్‌కి జ్వరంతో ఎవరొచ్చినా ముందు "ఎన్నో రోజు?" అని అడుగుతాను. "నాలుగైదు రోజుల్నించీ అండీ" అంటే ఒప్పుకోను. సోమవారం రాత్రి మొదలైందా, మంగళవారం పొద్దున్నా అని రెట్టిస్తాను. విసుక్కునేవాళ్లున్నారు. కానీ ఫ్లూలో ఏ మందు పనిచేస్తుంది, ఏది దండగ, ఎప్పుడు కంగారు పడాలి అన్నవన్నీ ఆ లెక్క మీదే నడుస్తాయి. కింద జవాబుల్లో అది మళ్లీ మళ్లీ వస్తుంది. చాదస్తం అనుకున్నా పర్వాలేదు.

*

ప్రశ్న: మా అత్తగారికి 68 ఏళ్లు, షుగరు ఉంది. జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తే మూడో రోజు మా ఊళ్లో ఆర్‌ఎంపీ గారు రెండు సూదులు వేసి, మూడు రోజులకి యాంటీబయాటిక్ బిళ్లలిచ్చారు. మర్నాటికల్లా జ్వరం దిగింది కానీ షుగరు 340కి వెళ్లింది. రెండు వారాలు దాటినా దగ్గు వదల్లేదు. మళ్లీ అదే కోర్సు వాడమంటున్నారు. ఆవిడేమో "లంఖణం పరమౌషధం" అంటూ రెండు ఇడ్లీలు తప్ప ఏమీ ముట్టుకోవడం లేదు. ఏం చెయ్యమంటారు?
- ఒక కోడలు, మండపేట

జవాబు: అమ్మా, ఫ్లూ జ్వరం మామూలుగా మూడు నాలుగు రోజులుండి దానంతటదే దిగుతుంది. మూడో రోజున ఏ మందు వేసినా నాలుగో రోజుకి పేరు దానికే వస్తుంది. సూది వేస్తే సూదికి, తాయెత్తు కడితే తాయెత్తుకి. మీ ఆర్‌ఎంపీ గారి హస్తవాసి మీద నాకు పేచీ లేదు గానీ, ఆ రెండు సూదుల్లో ఏముందో కనుక్కోండి. మన పల్లెల్లో జ్వరానికి వేసే జోడీ చాలాసార్లు ఒకటి డైక్లోఫెనాక్ అనే నొప్పుల మందు, రెండోది డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. స్టెరాయిడ్ వేశాక జ్వరం దిగుతుంది, ఒళ్లు తేలికవుతుంది, ఆకలి కూడా వేస్తుంది. షుగరు ఉన్నవాళ్లకి ఆ షుగరు అమాంతం పెరుగుతుంది. జ్వరానికే షుగరు కొంత పెరుగుతుంది, దాని మీద ఇదొకటి తోడైతే 340 రావడంలో వింత లేదు. ఇక డైక్లోఫెనాక్ సంగతి. మన దగ్గర వానలు మొదలైన దగ్గర్నించీ డెంగీ తిరుగుతూనే ఉంటుంది. డెంగీ కాదని తేలకుండా ఆ సూది వేయించుకుంటే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. ముక్కు కారుతూ, తుమ్ములు, గొంతు నొప్పి ఉంటే ఫ్లూ వైపు మొగ్గుతాం. అవేమీ లేకుండా కళ్ల వెనక నొప్పి, విపరీతమైన ఒళ్లు నొప్పులు, వాంతులు ఉంటే డెంగీ పరీక్ష చేయించాలి. రెండింటికీ పనికొచ్చే జ్వరం మందు పారాసెటమాల్ ఒక్కటే.

యాంటీబయాటిక్ సంగతి. అది బ్యాక్టీరియా మీద పనిచేసే మందు. జలుబు, ఫ్లూ తెచ్చేవేమో వైరస్‌లు, వాటి మీద అది పనిచెయ్యదు. 2023 మార్చిలో హెచ్3ఎన్2 ఫ్లూ దేశమంతా తిరిగినప్పుడు ఇండియన్ మెడికల్ అసోసియేషన్ ఇదే చెప్పింది. జ్వరం మూడు రోజుల్లో పోతుంది, దగ్గు మూడు వారాల దాకా ఉండొచ్చు, యాంటీబయాటిక్స్ జోలికి పోకండి అని. కఫం పచ్చగా వచ్చినంత మాత్రాన యాంటీబయాటిక్ అవసరమైనట్టు కాదు. జలుబు ముదిరి తగ్గే దారిలో కఫం రంగు మారడం మామూలే.

కాబట్టి ఆ రెండో కోర్సు వద్దు. అలాగని ఊరుకోనూ వద్దు. రెండు వారాలు దాటిన దగ్గు ఏదైనా సరే, మన దేశంలో కఫం పరీక్ష చేయించాలన్నది టీబీ కార్యక్రమం పెట్టిన నియమం. షుగరు ఉన్నవాళ్లకి టీబీ వచ్చే అవకాశం మామూలు వాళ్లకన్నా ఎక్కువ. ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ పరీక్ష ఉచితం. తొంభై పాళ్లు ఫ్లూ మిగిల్చిన పొడి దగ్గే అయ్యుంటుంది, అయినా చేయించండి. అలాగే ఆవిడ బీపీకి రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటి బిళ్ల వాడుతుంటే దాని వల్లా పొడి దగ్గు వస్తుంది. మందుల చీటీ డాక్టరుకి చూపించండి.

అత్తగారికి ఇంకో మాట చెప్పండి. జ్వరం తగ్గి, రెండు మూడు రోజులు బాగుండి, మళ్లీ జ్వరం తిరగబెడితే అది పాత ఫ్లూ కాదు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి ఉండొచ్చు. అప్పుడు యాంటీబయాటిక్ కావాలి, ఆలస్యం చెయ్యకూడదు. పెద్దవాళ్లలో ఒక్కోసారి జ్వరం పెద్దగా కనిపించదు. మగతగా పడుకోవడం, మాట తడబడటం, అన్నం సయించకపోవడం, వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరులో 94 కన్నా తగ్గడం, వీటిలో ఏదున్నా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఆకలి లేని మొదటి ఒకటి రెండు రోజులు జావ తాగి ఊరుకుంటే ఏమీ కాదు. పదిహేనో రోజున కూడా రెండు ఇడ్లీలంటే మాత్రం కండ కరిగిపోతుంది. 68 ఏళ్ల మనిషికి కరిగిన కండ మళ్లీ పట్టడం కష్టం. పప్పు, గుడ్డు, పెరుగు, చేప, ఆవిడ తినే వాటిలో ఏదో ఒకటి పూట పూటా పెట్టండి. మీరు చెబితే వినరనుకుంటే డాక్టరమ్మ రాసిందని ఈ పేజీ చూపించండి. అచ్చులో ఉన్నదాన్ని అత్తగార్లు కాస్త నమ్ముతారు.

*

ప్రశ్న: మా బాబుకు మూడేండ్లు, 12 కిలోలు. జూన్‌ల నర్సరీల ఏసినప్పటి సంది నెలకోసారి సర్ది పడుతుంది. ఒక డాక్టర్ ఇచ్చిన జ్వరం సీసా, ఇంకో డాక్టర్ ఇచ్చిన జ్వరం సీసా రెండు ఇంట్ల ఉన్నయి. దగ్గు సిరప్ తాపాలంటే పేపర్ల వార్తలు చూసి భయమైతుంది. వానికి ఇమ్యూనిటీ తక్కువుందా?
- ఒక తల్లి, కరీంనగర్

జవాబు: తక్కువేం లేదమ్మా. జలుబు తెచ్చే వైరస్‌లు 200కి పైగా ఉన్నాయి. ఈ వయసు పిల్లలకి ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు రావడం మామూలే, బడిలో చేరిన మొదటి ఏడు ఇంకా ఎక్కువే. బరువు పెరుగుతున్నాడా, జలుబుకీ జలుబుకీ మధ్య హుషారుగా ఆడుతున్నాడా అన్నది చూసుకోండి. ఇమ్యూనిటీ పెంచుతామని అమ్మే డబ్బాలు కొనకండి.

మీ ఇంట్లో ఉన్న రెండు సీసాలే నన్ను ఎక్కువ కంగారు పెడుతున్నాయి. ఇప్పుడే లేచి రెండింటి మీదా చిన్న అక్షరాల్లో ఏముందో చదవండి. పారాసెటమాల్ సిరప్ మన దగ్గర రెండు బలాల్లో దొరుకుతుంది. ఒకదాంట్లో 5 మి.లీ.కి 120 లేక 125 మి.గ్రా., రెండోదాంట్లో 5 మి.లీ.కి 250 మి.గ్రా. చుక్కల మందైతే ఇంకా చిక్కగా, ఒక్క మి.లీ.కే 100 మి.గ్రా. ఉంటుంది. పిల్లల మోతాదు కిలో బరువుకి 15 మి.గ్రా. దాటకూడదు. మీ బాబుకి 12 కిలోలు కాబట్టి ఒక్కసారికి 180 మి.గ్రా. దాకా ఇవ్వొచ్చు. అంటే పల్చటి సీసాలోంచి 7 మి.లీ., చిక్కటి సీసాలోంచి మూడున్నర మి.లీ. పొరపాటున చిక్కటిదాంట్లోంచి 7 పోశారనుకోండి, మోతాదు రెట్టింపు. రోజుకి నాలుగుసార్లు అలా పోస్తే కాలేయానికి ముప్పు. మూతతో, చారు గరిటెతో కొలవద్దు. సూది లేని సిరంజి మందుల షాపులో కొద్ది రూపాయలకే దొరుకుతుంది, దాంతో కొలవండి. రెండు సీసాల్లో ఒకటి పారేయండి. మోతాదుకీ మోతాదుకీ మధ్య ఆరు గంటలు ఉంచండి. నిమెసులైడ్ అని రాసి ఉన్న సీసా అయితే మరో మాట లేకుండా చెత్తబుట్టలోకే. 12 ఏళ్ల లోపు పిల్లలకి దాన్ని 2011లోనే నిషేధించారు.

దగ్గు సిరప్ గురించి మీ భయం న్యాయమైనదే. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో కల్తీ దగ్గు మందు తాగి చిన్నపిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. మందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసింది. ఆ అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలన్నిటికీ రాసింది, రెండేళ్ల లోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు రాయొద్దని, అయిదేళ్ల లోపు కూడా మామూలుగా అక్కర్లేదని. కల్తీ లేని సిరప్ కూడా ఈ వయసులో దగ్గుని పెద్దగా తగ్గించేది లేదు. పిల్లాడు మత్తుగా పడుకుంటాడు, మనకి తగ్గినట్టు కనిపిస్తుంది. దానికి బదులు పడుకునే ముందు అర చెంచా తేనె నాకించండి. ఏడాది దాటిన పిల్లలకి అది నిజంగానే రాత్రి దగ్గు తగ్గిస్తుంది. ముక్కు దిబ్బడకి మందుల షాపులో ఉప్పునీటి చుక్కలు దొరుకుతాయి, నిద్రకీ తిండికీ ముందు రెండేసి చుక్కలు వేయండి.

చెయ్యకూడనివి రెండు. గిన్నెలో మరిగే నీళ్లు పెట్టి దుప్పటి కప్పి పిల్లాడికి ఆవిరి పట్టొద్దు. పిల్లాడు తన్నుకుంటే గిన్నె తిరగబడుతుంది, ఒళ్లు కాలుతుంది. ఆ కాలిన గాయాలు చూసినవాళ్లెవరూ మళ్లీ ఆ మాటెత్తరు. రెండోది, కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి ఛాతీకి, ముక్కుకి రాయడం. కర్పూరం చిన్నపిల్లల ఒంట్లోకి వెళితే ఫిట్స్ వస్తాయి.

ఇక ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకోండి. బాబు నిద్రపోతున్నప్పుడు చొక్కా పైకెత్తి, ఫోన్లో నిమిషం పెట్టుకుని, పొట్ట ఎన్నిసార్లు లేచిందో చూడండి. ఏడాది నుంచి అయిదేళ్ల మధ్య నిమిషానికి 40, ఆపైన వచ్చినా, ఊపిరి పీల్చినప్పుడల్లా డొక్కలు లోపలికి గుంజుకుపోతున్నా, నీళ్లు కూడా తాగకపోయినా రాత్రి రెండైనా సరే ఆసుపత్రికి పొండి. జ్వరం 102 ఉన్నా, మందు పడ్డాక లేచి ఆడుకుంటుంటే తెల్లారేదాకా ఆగొచ్చు.

*

ప్రశ్న: డాక్టరమ్మా, పోయినేడు అయ్యప్ప దీక్షలో ఉండగా ఫ్లూ వచ్చి వారం రోజులు పడ్డాను. మా సన్నిధానంలో పదిమందికి పైగా స్వాములకి అంటుకుంది. చన్నీళ్ల స్నానం వల్లే అని ఇంట్లో అంటారు. ఈ ఏడూ మాల వేశాను. డాక్టరు రాసిన గొట్టం బిళ్లల పైతొడుగు జంతువుల ఎముకలతో చేస్తారట, అవి మింగొచ్చా?
- ఒక స్వామి, తుని

జవాబు: స్వామీ, ఫ్లూ చన్నీళ్లలోంచి పుట్టదు, పక్క స్వామి దగ్గులోంచి వస్తుంది. మీ పీఠం దగ్గర నలభై మంది తలుపులు వేసుకుని రెండు గంటలు భజన చేస్తారు. శరణుఘోష గొంతెత్తి చెబుతారు. రాత్రి అదే గదిలో చాపలు పక్కపక్కన పరుచుకుని పడుకుంటారు. ఫ్లూ పట్టినవాడు జ్వరం రావడానికి ఒకరోజు ముందు నుంచే ఇతరులకి అంటిస్తాడు, ఆ తర్వాత అయిదు రోజుల నుంచి వారం దాకా అంటిస్తూనే ఉంటాడు. కిటికీలు తెరవండి. దగ్గేవాళ్లకి వేరే గది ఇవ్వండి, భిక్ష వడ్డించే పని వాళ్లకి ఒప్పజెప్పకండి. హారతి పళ్లెం ముందు అందరూ ఒకేసారి గుమిగూడడం, ఒకే గ్లాసుని అందరూ నోట కరిచి తీర్థం తాగడం మానిపించండి. ఆరోగ్యంగా ఉన్నవాడికి చన్నీళ్లు ఏమీ చెయ్యవు. జ్వరంతో ఒణుకుతున్నప్పుడు మాత్రం గోరువెచ్చని నీళ్లు పోసుకోండి, గురుస్వామి కాదనరు.

గొట్టం బిళ్లల గురించి మీరు విన్నది నిజమే. చాలావాటి తొడుగు జెలటిన్, అది పశువుల తోలు, ఎముకల నుంచి వస్తుంది. ఫ్లూకి వాడే ఒసెల్టామివిర్ ఎక్కువగా గొట్టంలోనే దొరుకుతుంది. అదే మందు నీళ్లలో కలుపుకునే పొడి రూపంలో, సిరప్పులా కూడా ఉంది, డాక్టరుని అడిగి రాయించుకోండి. అసలు మీకా మందు అవసరమా అన్నది ముందు ప్రశ్న. మామూలు ఆరోగ్యం ఉన్న నడివయసు మనిషికి పారాసెటమాల్, విశ్రాంతి, మంచినీళ్లు సరిపోతాయి. షుగరు, ఆస్తమా, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి, గర్భిణులకి, 65 దాటినవాళ్లకి, పసిపిల్లలకి ఆ మందు అవసరం. అదీ మొదటి 48 గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. చూశారా, మళ్లీ ఎన్నో రోజు అన్న దగ్గరికే వచ్చాం.

ఏకభుక్తం చేస్తూ జ్వరం పడితే నీళ్లు, మజ్జిగ, కొబ్బరినీళ్లు మాత్రం ఆపకండి. కొండ సంగతి కూడా చెప్పాలి. పంబ నుంచి శబరిమల సన్నిధానానికి దాదాపు అయిదు కిలోమీటర్లు, నీలిమల ఎక్కుడు గుండెకి గట్టి పరీక్షే. ఫ్లూ ఒక్కోసారి గుండె కండరాన్ని కూడా తాకుతుంది. జ్వరం తగ్గిన మర్నాడే ఇరుముడి ఎత్తుకుని ఎక్కొద్దు. మెట్లెక్కితే మామూలుకన్నా ఎక్కువ ఆయాసం వస్తుంటే, గుండె దడగా ఉంటే ప్రయాణం వారం వెనక్కి జరపండి. మకరజ్యోతికే వెళ్లాలన్న పట్టుదల ఉంటే మాత్రం దానికి నా దగ్గర మందు లేదు.

*

ప్రశ్న: మా అమ్మాయికి డాలస్‌లో ఫిబ్రవరిలో పురుడు. జనవరిలో నేనూ మావారూ వెళ్తున్నాం. అక్కడ ఫ్లూ ఎక్కువగా ఉందని, టీకా వేయించుకుని రమ్మని అల్లుడు పోరుతున్నాడు. అంత అవసరమా?
- ఒక కాబోయే అమ్మమ్మ, విజయవాడ

జవాబు: అల్లుడి మాట వినండి. ఫ్లూ టీకా ఆరు నెలలు నిండని బిడ్డకి వెయ్యరు. ఆ ఆరు నెలలూ చుట్టూ ఉన్న పెద్దవాళ్లకి ఫ్లూ రాకుండా చూడటమే బిడ్డకి రక్ష. మీ అమ్మాయి కడుపుతో ఉండగా టీకా వేయించుకుంటే ఆ రక్షణ కొంత బిడ్డకీ అందుతుంది, వేయించుకుందో లేదో అడగండి. టీకా ఒంటికి పట్టడానికి రెండు వారాలు పడుతుంది, కాబట్టి విమానం ఎక్కే ముందురోజు కాదు, ఇప్పుడే. ఇక్కడ ప్రైవేటులో పదిహేను వందలు, రెండు వేలు అలా అవుతుంది. దాంతోపాటు కోరింత దగ్గు టీకా కూడా వేయించుకోండి. మీ చిన్నప్పుడు వేయించుకున్నా ఇప్పటిదాకా దాని బలం ఉండదు, పసిబిడ్డకి ఫ్లూ కన్నా అదే ఎక్కువ ప్రమాదం. టీకా వేసుకున్నా జలుబు వస్తుంది, అది ఆపేది ఫ్లూని, అదీ ముదరకుండా. "వేయించుకున్నా రొంప వచ్చింది, దండగ" అని మళ్లీ నాకు ఉత్తరం రాయకండి.

అక్కడికి వెళ్లాక మన ఆచారాలు రెండు పక్కన పెట్టండి. పుట్టిన బిడ్డకి తేనె నాకించొద్దు, ఏడాది నిండేదాకా తేనె వల్ల బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు రావొచ్చు. పైన కరీంనగర్ తల్లికి చెప్పిన తేనె మూడేళ్ల పిల్లాడికి. రెండోది సాంబ్రాణి పొగ. పసిబిడ్డ ఊపిరితిత్తులకి ఏ పొగా మంచిది కాదు. పైగా ఆ ఇళ్లలో పొగ తగలగానే ఇంటి కప్పుకి ఉన్న అలారం గోల చేస్తుంది, బాలింత, పసిబిడ్డ, అల్లుడు అందరూ అదిరిపడతారు. మీకు తుమ్ములు మొదలైతే జ్వరం లేకపోయినా మాస్కు పెట్టుకుని వంట చెయ్యండి, బిడ్డని ఎత్తుకునే పని రెండు మూడు రోజులు తాతగారికి అప్పగించండి.

*

ప్రశ్న: జ్వరంలో పెరుగు, అరటిపండు తినొచ్చా? తలస్నానం?
- ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: తిను బాబూ. తలస్నానం కూడా చెయ్యి, తల తుడుచుకో. మిరియాల చారు, శొంఠి కషాయం గొంతుకి హాయినిస్తాయి, తాగు. వైరస్‌ని చంపవు, చంపాల్సిన పనీ లేదు. పారాసెటమాల్ వేసుకోకుండా 24 గంటలు జ్వరం రాకపోతే కాలేజీకి వెళ్లు. బిళ్ల వేసుకుని పరీక్ష రాయడానికి వెళ్లినవాడు బెంచీ మొత్తానికి అంటిస్తాడు.

*

ప్రశ్న: నాకు 55. వేసవి నుంచీ ముక్కు దిబ్బడ పోవడం లేదు. రోజుకి అయిదారుసార్లు ముక్కులో చుక్కలు వేసుకుంటేనే నిద్ర పడుతుంది. సీసా జేబులో లేకపోతే టెన్షన్. ఇది సైనసా?
- ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: సైనస్ కన్నా ముందు ఆ సీసానే అనుమానించాలి. ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ చుక్కలు జలుబులో అయిదు రోజులకి మించి వాడకూడదు. అవి ముక్కులో ఉబ్బిన రక్తనాళాల్ని బిగిస్తాయి. మందు దిగగానే అవి ఇంకా ఎక్కువ ఉబ్బుతాయి, మళ్లీ చుక్కలు, మళ్లీ ఉబ్బు. ఇన్ని నెలలుగా మీ ముక్కుని మూసేస్తున్నది చాలావరకు ఆ మందే. ఒక్కసారిగా మానడం కష్టమైతే ముందు ఒక ముక్కు రంధ్రంలో పూర్తిగా ఆపండి, రెండోదాంతో ఊపిరి ఆడుతుంది. వారం పది రోజుల్లో మొదటిది తెరుచుకున్నాక రెండోదీ ఆపండి. ఈలోపు ఉప్పునీటి చుక్కలు ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు. ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే కూడా ఈ దశలో సాయపడుతుంది, అది ఈఎన్‌టీ డాక్టరు రాయాలి. ముక్కు ఎముక వంకర, అలర్జీ లాంటివి ఉన్నాయో లేదో కూడా ఆయనే చూస్తారు.

మీకు బీపీ ఉందో లేదో రాయలేదు. ఉంటే ఈ చుక్కలూ, ఫినైల్ఎఫ్రిన్ కలిసిన జలుబు బిళ్లలూ బీపీ పెంచుతాయి. ఈ వారంలో ఒకసారి బీపీ చూపించుకుని, అంకె ఎంత వచ్చిందో, ఏయే మందులు వాడుతున్నారో రాయండి.